నా కాళ్ళ కోసం మూడు మొక్కలు

ట్రామ్ ఎక్కుతుంటే ఎడమ కాలి చెప్పు జారి పట్టాల పక్కన పడిపోయింది. పడిపోయినట్టు నాకు తెలియలేదు. రెండు స్టాపులు దాటాక కిందికి చూసుకుంటే ఒట్టి పాదం కనిపించింది. కింద చల్లగా ఉందో వెచ్చగా ఉందో కూడా ఆ పాదానికి తెలియడం లేదు. అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు.

మేం జర్మనీలోని కార్ల్స్‌రూహెకు వచ్చి అప్పటికి నాలుగేళ్ళయింది. మా ఆయన ప్రవీణ్‌ది ఐటీ ఉద్యోగం. నేను ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చదివి, మన దగ్గర మొక్కల తెగుళ్ళ మీద పనిచేసినదాన్ని. ఇక్కడ జర్మన్ అంతగా రాక ఒక బేకరీలో రొట్టెలు అమ్మేదాన్ని.

ఎమ్మారై తీశారు. లంబార్ పంక్చర్ అని వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. న్యూరాలజిస్టు స్క్రీన్ మీద నా మెదడులోని తెల్లటి మచ్చలు చూపించి, “మల్టిపుల్ స్క్లిరోసిస్. దీన్ని పూర్తిగా నయం చేయలేం, అదుపులో పెట్టగలం. ఆ పని ఇద్దరం కలిసి చేద్దాం,” అంది. ఆవిడది మెల్లగా, తూచినట్టు మాట్లాడే పద్ధతి.

ఆరు నెలలకోసారి నరంలోకి మందెక్కించే ఇన్‌ఫ్యూజన్ మొదలైంది. కొత్త మచ్చలు రావడం ఆగింది కానీ కాళ్ళు బిగుసుకుపోవడం ఆగలేదు. స్పాస్టిసిటీ అంటారు దీన్ని. సాయంత్రమయ్యేసరికి పిక్కలు తాళ్ళు పేనినట్టు మెలిపడేవి. బాక్లోఫెన్ మాత్ర వేసుకుంటే బిగుతు తగ్గేది, దాంతోపాటే మెలకువ కూడా పోయేది. బేకరీలో నిలబడలేక ఉద్యోగం మానేశాను. ఫిజియోథెరపీకి వెళ్ళినా కాలు సాగితే కదా!

చివరికి డాక్టర్ కన్నబిస్, అంటే గంజాయినే, మందుగా రాసింది. మొదట స్ప్రే ఇస్తే నోరు పుండ్లు పడింది. తర్వాత ఎండు పువ్వు, వేపరైజర్‌లో పెట్టి ఆవిరి పీల్చడం. మొదటి వారంలోనే పిక్కలు వదులయ్యాయి. కానీ నాకు సరిపడే రకం ఫార్మసీలో అప్పుడప్పుడు ఉండేది కాదు. అది దొరకని వారాల్లో మళ్ళీ మంచమే.

ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఒక్కొక్కరు మూడు మొక్కలు పెంచుకోవచ్చని ఇక్కడి చట్టం మారాక, ఆ నిబంధనలు నేను మూడుసార్లు చదివాను. మొక్క! నేను చదివిందే అది!

“గంజాయా? మన ఇంట్లనా?” ప్రవీణ్ లాప్‌టాప్ మూసేశాడు. “సరితా, పిచ్చి లేసిందా నీకు? వీసా పోతది, ఇల్లు పోతది.”

“చట్టమే ఒప్పుకుంటున్నది. జర సదువు, తర్వాత తిట్టు.”

చదివాడు. తిట్టలేదు. “డాక్టర్ని అడగకుండ మాత్రం వద్దు,” అన్నాడు.

తర్వాతి అపాయింట్‌మెంట్‌లో డాక్టర్ని అడిగాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది. “ఇంట్లో పెంచింది వాడమని నేను రాసివ్వలేను. అందులో మందు ఎంత ఉందో ఎవరికీ తెలియదు. మీరు పెంచాలనుకుంటే నాకో మాట ఇవ్వండి. నాకు తెలియకుండా ఒక్కసారి కూడా వాడొద్దు.” మాటిచ్చాను.

మా ఫ్లాట్‌లో కిటికీ లేని సామాన్ల గది ఒకటి ఉంది. దానికి తాళం బిగించాం. బయట నలుపు, లోపల వెండిరంగు ఉన్న చిన్న డేరా తెప్పించాం. ఎల్ఈడీ లైటు, దానికి టైమర్, గాలి లాగే ఫ్యాను, వాసన పట్టేసే బొగ్గు ఫిల్టర్ కూడా వచ్చాయి. నేను స్టూలు మీద కూర్చుని చెబుతుంటే ప్రవీణ్ గొట్టాలు బిగించాడు. తడి టిష్యూలో మొలకెత్తిన మూడు గింజల్ని నా చేత్తో కుండీల్లో పెట్టాను. గోళ్ళలో మట్టి చేరి ఎన్నేళ్ళయిందో!

నాలుగో రోజు పొద్దున డేరా జిప్పు తీసి అరిచాను, “ప్రవీణ్, మొలిచింది!” నోట్లో బ్రష్షుతో, గడ్డం మీద నురగతో పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం కిందికి వంగి, పెసరబద్దంత ఆకులు రెండింటిని చూస్తూ ఉండిపోయాం. ఆ తర్వాత రోజూ ఆఫీసుకు పోయే ముందు తేమ, వేడి రాసిపెట్టింది ఆయనే.

ఒకరోజు వీడియో కాల్‌లో అమ్మ కంట మొక్కలు పడ్డాయి. “పుంటికూర మంచిగొచ్చిందే బిడ్డా!” అంది. నాకు నవ్వాగలేదు. గోంగూరనే మేం పుంటికూర అంటాం, దాని శాస్త్రీయ నామంలోనే ‘గంజాయి లాంటిది’ అన్న మాట ఉంది. అబద్ధమాడబుద్ధి కాక నిజం చెప్పాను. “నీ కాళ్ళు నడిస్తె సాలు. ఇక్కడికి మాత్రం ఆకు ముక్క తేకు, జైల్ల ఏస్తరు,” అంది.

పూత మొదలయ్యాక కింది అంతస్తులో ఉండే లెన్స్ గారు, ఇక్కడి మాటలో ఫ్రావ్ లెన్స్, బెల్లు కొట్టింది. డెబ్భై దాటిన మనిషి. “మీ ఇంటినుంచి వాసన వస్తోంది,” అంది. ప్రవీణ్ ముఖం పాలిపోయింది. నేను ఆవిణ్ణి లోపలికి పిలిచి, జబ్బు సంగతి చెప్పి, తాళం తీసి చూపించాను. ఆవిడ గొట్టం పొడవునా అరచెయ్యి పెట్టి చూసింది. “గాలి ఫిల్టర్ దాకా పోవడం లేదు. ఇక్కడ, ఈ అతుకు దగ్గర బయటికి పోతోంది.” రిటైరయ్యేదాకా నర్సరీ నడిపిందట! ప్రవీణ్ టేపు తెచ్చి చుట్టాడు. అప్పటినుంచి గురువారం గురువారం ఆవిడ కేకు తెచ్చేది, మొక్కల్ని పలకరించి పోయేది.

కోతకు రెండు వారాలుందనగా, పెద్ద మొక్కలో ఒక పువ్వు మధ్య ఆకు ఎండి కనిపించింది. పట్టుకుంటే ఊడొచ్చింది. లోపల బూడిదరంగు నూగు. బోట్రైటిస్ అనే బూజు తెగులు. ద్రాక్షలో, మిరపలో ఎన్నిసార్లు చూశానో! మూడు మొక్కల కొమ్మలూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉన్నాయి.

“గా ఒక్క కొమ్మ కోసేద్దాం. మిగిలింది మంచిగనే ఉన్నది కదా,” అన్నాడు ప్రవీణ్. నాకూ ఆశ పుట్టింది. క్లినిక్‌కు ఫోన్ చేశాను.

“మీ ఇన్‌ఫ్యూజన్ వల్ల ఇమ్యూనిటీ తక్కువగా ఉంది,” అంది డాక్టర్. “ఆ బూజు ఊపిరితిత్తుల్లోకి పోతే మిమ్మల్ని వార్డులో చూడాల్సి వస్తుంది. ఒక్క పువ్వు కూడా వద్దు.”

మూడు మొక్కల్నీ మొదలంటా కోసి సంచుల్లో కట్టేశాం. నేను ఏడ్చాను. ప్రవీణ్ నాకంటే ఎక్కువ ఏడ్చాడు.

డేరా అంతా కడిగి ఆరబెట్టి, రెండోసారి రెండు మొక్కలే పెట్టాను. కింది ఆకులు తీసేశాను, గాలి బాగా ఆడనిచ్చాను. ఈసారి పంట శుభ్రంగా వచ్చింది. డాక్టర్ చెప్పినట్టు చాలా కొద్దిగా మొదలుపెట్టినా, మొదటి రోజు తల తిరిగి, గుండె దడ పుట్టి గంటసేపు ప్రవీణ్ చెయ్యి వదల్లేదు. ఆమె ఇంకా తగ్గించమంది. తగ్గించాక కుదిరింది. ఇప్పుడు సాయంత్రం పిక్కలు వదులుగా ఉంటాయి కాబట్టి ఫిజియో చెప్పిన వ్యాయామాలన్నీ చేయగలుగుతున్నాను. మొన్న డాక్టర్ నన్ను కారిడార్‌లో నడిపించి, స్టాప్‌వాచ్ చూసి కనుబొమ్మలెత్తింది. “ఇది మొక్క పనా, ఫిజియో పనా?”

“రెండూ!” అన్నాను.

జబ్బు పోలేదు. వేడికి ఈ జబ్బు ముదురుతుంది కాబట్టి ఎండాకాలంలో ఇప్పటికీ చేతికర్ర కావాలి. అయితే బూజును అంత తొందరగా ఎలా పట్టావని అడిగిన ఫ్రావ్ లెన్స్, నా చదువు సంగతి విని, తన కూతురు నడిపే నర్సరీకి నన్ను తీసుకెళ్ళింది. వారానికి మూడు పూటలు అక్కడ కూర్చుని నారు మొక్కల్లో తెగుళ్ళున్నాయేమో చూస్తున్నాను. జర్మనీలో నా చదువుకు దొరికిన మొదటి ఉద్యోగం ఇది. రేపు టమాటా నారు వస్తోంది, పొద్దున ఎప్పుడవుతుందా అని ఉంది!

ఇది చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఆకైనా, కషాయమైనా, చుట్టాలు పంపిన పొడైనా, ఇంట్లో ఏది వాడుతున్నా డాక్టర్‌కు ముందే చెప్పండి. చెప్పేటప్పుడు అయిదు నిమిషాలు సిగ్గుగా ఉంటుంది, అంతే. నేను మొదట్లోనే చెప్పేశాను కాబట్టే, బూజు కనిపించిన రోజు ఫోన్ తీయడానికి నా చెయ్యి వెనకాడలేదు.