అతుకు నిలవని ఇత్తడి ఇంజను

నా చిన్నప్పుడు కౌలాలంపూర్‌లో, బ్రిక్‌ఫీల్డ్స్ రైల్వే క్వార్టర్సులో, మా ఇల్లూ మా పెదనాన్న ఇల్లూ ఒకే వరసలో పక్కపక్కన ఉండేవి. మా నాన్న రైల్వేలో గుమాస్తా. పెదనాన్న ఇంజను డ్రైవరు. రబ్బరు తోటలో పాలు గీసిన కుటుంబంలోంచి రైలింజను ఎక్కిన మొదటి మనిషి ఆయనే. ఆయనకు పిల్లలు లేకపోవడంతో నేను సగం రోజు ఆ ఇంట్లోనే గడిపేదాన్ని.

అవి మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, బ్రిటిషు సర్కారు మీద కమ్యూనిస్టులు తిరగబడ్డ ఎమర్జెన్సీ రోజులు. అడవుల్లో దాక్కున్న గెరిల్లాలు పట్టాలు ఊడదీసేవాళ్లు, పోయే రైళ్ల మీద కాల్పులు జరిపేవాళ్లు. పెదనాన్న డ్యూటీకి వెళ్తే తిరిగొచ్చేదాకా పెద్దమ్మకు ముద్ద దిగేది కాదు. ఆమె భయపడినట్టే ఒక తెల్లవారుజామున జరిగింది. పట్టాల బోల్టులు విప్పేసిన చోట ఆయన ఇంజను పక్కకు ఒరిగిపోయింది. ప్రాణం దక్కింది. కానీ పగిలిన గొట్టంలోంచి కొట్టిన ఆవిరికి కుడిచెయ్యి ఉడికిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆ చేతి వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. విరిగి అతికిన ఎడమచెయ్యి ఏది పట్టుకున్నా వణికేది. ఇక ఇంజను ఎక్కొద్దని చెప్పేశారు.

ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒక దొర చూడటానికి వచ్చాడట. మలయాకు స్వాతంత్ర్యం రాబోతోంది కాబట్టి ఆ దొర తన దేశం వెళ్లిపోతున్నాడు. తాను చేసుకుందామని దాచుకున్న ఒక పెట్టె పెదనాన్నకు ఇచ్చి వెళ్లాడు. అందులో పల్చటి ఇత్తడి రేకులు, వాటి మీద ఇంజను భాగాలన్నీ సూదిమొనతో చెక్కిన గీతలు. రేకులు కత్తిరించి, వంచి, టంకం పెట్టి అతికిస్తే జానెడు పొడవు ఆవిరి ఇంజను తయారవుతుంది. చక్రాలు మాత్రం తయారుగా ఉన్నాయి. అది పెదనాన్న నడిపిన రకం ఇంజనే.

ఇంటికొచ్చి ఆ పెట్టె విప్పిన రోజు ఆయన ముఖంలో వెలుగు నాకింకా గుర్తు. మెర్డేకా రోజుకు, అంటే స్వాతంత్ర్యం వచ్చే రోజుకు, ఇంజను తయారుచేసి వరండాలో బల్ల మీద పెడతానని తోటి డ్రైవర్లందరికీ చెప్పేశాడు. కానీ చెయ్యడానికి చేతులేవి? అందుకని నన్ను పిలిచాడు.

మొదట్లో సంబరంగానే ఉండేది. బడి నుంచి రాగానే చాప మీద కూర్చుని రేకు కత్తెరతో ముక్కలు కత్తిరించేదాన్ని, ఆకురాయితో అంచులు అరగదీసేదాన్ని. రేకును చీపురు కర్ర మీద చుట్టి బాయిలరు చేశాం. అతుకులు పెట్టడం మొదలయ్యాక మాత్రం నా ప్రాణం విసిగిపోయింది. బొగ్గుల కుంపటిలో ఎర్రగా కాల్చిన కడ్డీతో బాయిలరు అతుకు మీద టంకం కరిగించేదాన్ని. అది గట్టిపడి నిలిచేది. ఆ తర్వాత దాని మీద పొగగొట్టం అతికిద్దామని కడ్డీ పెడితే, ఆ వేడికి కింది అతుకు విడిపోయి బాయిలరు నోరు తెరిచేది. మళ్లీ బాయిలరు అతికితే పొగగొట్టం ఒరిగిపోయేది. ఎన్ని సాయంత్రాలు ఇలా పోయాయో లెక్కలేదు.

పెదనాన్న నా భుజం వెనకే కూర్చునేవాడు. పైకి పట్టు, కిందికి పట్టు, కడ్డీ తియ్యి, ఇంకాసేపు ఉంచు. నేను ఒకటి చేసేలోగా ఇంకోటి చెప్పేవాడు. అప్పటిదాకా నన్ను ఒక్క మాట అని ఎరగని మనిషి కేకలెయ్యడం మొదలుపెట్టాడు. నా వేళ్లు కాలి బొబ్బలెక్కితే పెద్దమ్మ వెన్న రాసి, ఆ పిల్లనెందుకు ఏడిపిస్తావని ఆయన్ను అడిగేది. ఆయన గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మర్నాడు మళ్లీ అదే కథ.

మెర్డేకా దగ్గరపడింది. వీధిలో అందరూ జెండాలు కడుతున్నారు. ఒక సాయంత్రం పొగగొట్టం మళ్లీ ఒరిగిపోయింది.

“ఏటమ్మీ, సెప్తుంటే తెలీదా నీకు?” అని అరిచాడు పెదనాన్న.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కడ్డీ కుంపట్లో పడేసి, “నాకు సేత కాదు. నువ్వే సేసుకో” అని మా ఇంటికి వెళ్లిపోయాను. రెండు రోజులు అటువైపు తొంగి చూడలేదు.

మూడో రోజు ఆయనే మా గుమ్మం దగ్గరకు వచ్చాడు. నేను పని చెయ్యక్కర్లేదట, ఊరికే వచ్చి కూర్చుంటే చాలట. వెళ్లేసరికి కుంపటి రాజేసి ఉంది. నన్ను తాను రోజూ కూర్చునే చోట కూర్చోబెట్టి, తాను నా చోట కూర్చున్నాడు.

“ఈయేళ నువ్వు సెప్పు. నేను సేస్తాను” అన్నాడు.

వణికే ఎడమచేతితో కడ్డీ తీశాడు. ముడుచుకున్న కుడిచేతిని బాయిలరు మీద ఆనించి కదలకుండా అదిమిపట్టాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. పైకి అన్నాను, కడ్డీ కిందికి పోయింది. ఆపు అన్నాను, టంకం చాప మీద కారింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ తప్పింది. ఎదురుగా ఇంత తేలిగ్గా కనిపిస్తున్నది ఈయనకెందుకు రాదని నాకు విసుగు పుట్టింది.

“ఏటి పెదనాన్నా, సెప్తుంటే తెలీదా?” అనేశాను.

అన్నాక ఆ మాట ఎవరిదో నాకు తెలిసింది. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. పెదనాన్న కడ్డీ కింద పెట్టి తన చేతుల వైపు చూసుకున్నాడు.

“నా సెయ్యి నా మాట ఇనట్లేదమ్మీ” అన్నాడు నెమ్మదిగా. “దాని మీది కోపమంతా నీ సెయ్యి మీద సూపించినాను.”

 దగ్గరకు జరిగి ఆయన పక్కన కూర్చున్నాను. ఆ రోజు ఇంకేమీ అతకలేదు, కానీ ఎవరమూ కేకలెయ్యలేదు. మర్నాడు కూడా ఆయన కాసేపు చేశాడు, నేను చూశాను. కడ్డీ నా చేతిలో ఉన్నప్పుడు దాని మొన తప్ప ఇంకేమీ చూసేదాన్ని కాదు. పక్కన కూర్చుంటే వేడి ఎటు పాకుతోందో, కింది అతుకు ఎప్పుడు మెరిసి కరుగుతోందో కనిపించింది. ఆ అతుకు చుట్టూ తడిగుడ్డ చుడితే చల్లగా ఉంటుందేమో అన్నాను. పెదనాన్న గుడ్డ తడిపి తెమ్మన్నాడు. ఆయన గుడ్డ అదిమిపట్టాడు, నేను కడ్డీ పెట్టాను. పొగగొట్టం నిలబడింది. కింది అతుకు విడిపోలేదు. అన్నాళ్లు ఇంజన్లతో బతికిన మనిషికి ఆ ఉపాయం నిజంగా తట్టలేదో, నా నోటితో చెప్పించాలని ఊరుకున్నాడో నేను అడగలేదు.

మెర్డేకా నాటికి మాత్రం ఇంజను పూర్తి కాలేదు. ఆ ఉదయం డ్రైవర్లు వచ్చి చూసేసరికి వరండా బల్ల మీద చక్రాల్లేని బాయిలరు, దాని మీద కాస్త వంకరగా పొగగొట్టం ఉన్నాయి. ఒకాయన నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పెదనాన్న మాత్రం, “మా అమ్మీ సేసినాది. ఇంకా ఉంది పని” అని చెప్పి అందరికీ కాఫీ ఇప్పించాడు. దీపావళి వెళ్లాక ఎప్పుడో చక్రాలు బిగించాం.

పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. నిరుడు మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. రోజూ పొద్దున చొక్కా బొత్తాలు తనే పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు. ఒక్కో బొత్తానికి ఎంతసేపు పడుతుందో చూసేవాళ్లకే తెలుస్తుంది. ఇలా కాదు, అలా పట్టుకోండి అంటూ నా గొంతు పెరుగుతుంది. అప్పుడు నోరు మూసుకుని ఆయన పక్కన మంచం మీద కూర్చుంటాను. ఇంకో చొక్కా తొడుక్కుని, ఒక్క ఎడమచేత్తో దాని బొత్తాలు పెట్టడానికి ప్రయత్నిస్తాను. ఇప్పటికీ ఆయనే ముందు పూర్తి చేస్తాడు.