గొంతు పోయిన ఏడాది

అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లలో ఏళ్ళ తరబడి చరిత్ర పాఠాలు చెప్పాను. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళతో హాలు కిక్కిరిసి ఉండేది. మైకు పాడైనా చివరి బెంచీ దాకా నా గొంతు వినిపించేది. అది బొంగురుపోతే పాఠాల వల్లే అనుకుని మిరియాల పాలు తాగుతూ గడిపేశాను. నా భార్యే పట్టుబట్టి నారాయణగూడలో గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక తీసేస్తే తప్ప బతకనన్నారు. తీసేశారు.

చిక్కడపల్లిలోని అద్దె ఇంటికి తిరిగొచ్చేసరికి ఊపిరి పీల్చుకోవడానికి మెడ మీద ఒక రంధ్రం, చేతిలో ఒక పలక. చూడడానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "సబర్ చెయ్యండి సార్. అల్లా మర్జీ, ఆయన ఇష్టం." సబర్ అంటే ఓర్పు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. ఇప్పుడు మాత్రం అది నోరు మూసుకొమ్మన్నట్టు వినిపించేది.

ఒక మధ్యాహ్నం హైదర్‌గూడ నుంచి వచ్చిన బంధువు చాయ్ తాగుతూ, "అల్లా తనకు ఇష్టమైనోళ్ళకే ఇసుంటి పరీక్షలు పెడ్తడు," అన్నాడు. నేను పలక అందుకుని రాశాను: "నన్ను జర తక్కువ ఇష్టపడితే అయిపోయేది కద."

ఆయన చదివి "తౌబా, తౌబా" అని చెంపలు వేసుకుంటూ లేచి నిలబడ్డాడు.

మా అమ్మకు చదువు రాదు. పాలమూరు పల్లె నుంచి నాన్నతో కలిసి ఇళ్ళు కట్టే పనికి పట్నం వచ్చిన మనిషి. మా ఇంట్లో ఉర్దూ కంటే తెలుగే ఎక్కువ. "ఏం రాసిండు?" అని కోడలిని అడిగింది. నా భార్య సంకోచిస్తూనే చదివి వినిపించింది. అమ్మ తిడుతుందనుకున్నాను. బంధువు వెళ్ళాక వచ్చి మంచం మీద నా పక్కన కూర్చుంది.

"గా మాట ఆయనకెందుకు చెప్తవ్ బిడ్డా? జానమాజ్ చాప మీద కూసొని అల్లాకే చెప్పు. మీ నాయన స్లాబు మీదికెల్లి పడి పాణమిడిసినప్పుడు నేనేం జేసిననుకున్నవ్? నమాజు చదివి కొట్లాడిన. గింత అన్యాయం ఎందుకు జేసినవని అడిగిన."

"తప్పు కాదా?" అని రాశాను. నా భార్య చదివింది.

"పసికొడుకు పోతే మన ప్రవక్తకే కండ్లల్ల నీళ్ళు కారినయంట. ఏడ్సుడు తప్పయితే గాయన ఏడ్సేటోడా? ఏడ్వు. కోపం జెయ్యి. గని అల్లా దర్వాజ ఇడిసి పోకు. గదే సబర్. ఊకె మంచంల పండుడు గుడ సబర్ గాదు. మాటలు నేర్పే డాక్టరమ్మ రమ్మంటున్నది గద, రేపే పో."

ఆ రోజు సాయంత్రం అసర్ నమాజు వేళకు నమాజు చాప పరుచుకున్నాను. పెదవులు కదిలాయి, శబ్దం లేదు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఏడ్చాను. ఏడుపు కూడా మెడలోంచి గాలిగానే బయటికొచ్చింది. లేచేసరికి బాధ తగ్గలేదు. చెప్పుకోవలసిన చోట చెప్పుకున్నానన్న నెమ్మది మాత్రం మిగిలింది.

తర్వాత మెడలోని రంధ్రం లోపల చిన్న వాల్వు అమర్చారు. రంధ్రాన్ని వేలితో మూస్తే మాట వస్తుంది, గరగరమంటూ, విరిగి విరిగి. నెలల తరబడి సాధన చేశాను. కొన్ని ఉదయాలు కఫం అడ్డుపడి ఒక్క మాటా వచ్చేది కాదు. అప్పుడు మళ్ళీ కోపం, మళ్ళీ నమాజు చాప.

చివరికి అశోక్ నగర్‌లో ఒక సెంటరు వాళ్ళు చిన్న బ్యాచ్ ఇచ్చారు. మొదటి రోజు మెడ మీద వేలు పెట్టుకుని, "నా గొంతు ఇంతే. అర్థం కాకపోతే అడగండి," అన్నాను. గంట గడిచాక ముందు బెంచీలో అమ్మాయి చెయ్యెత్తింది. ఏమీ అర్థం కావడం లేదంటుందనుకున్నాను.

"సార్, ఇట్లనే చెప్పుండ్రి. వేరే సార్లు ఉరికిస్తరు. మీది మెల్లగుంటది, నోట్సు మంచిగ రాసుకుంటున్నం."

నాకు నవ్వొచ్చింది. నా నవ్వుకు ఇప్పుడు శబ్దం ఉండదు, భుజాలు మాత్రం కదులుతాయి. అది చూసి క్లాసంతా నవ్వింది.