ఎస్తేరుకు వచ్చిన రెండు సీట్లు

ఎస్తేరు గుండెలో చప్పుడు నేను 1974లోనే విన్నాను. విన్నట్టు ఎవరికీ చెప్పలేదు. రెండు మెడికల్ కాలేజీల్లో దేనికి వెళ్లాలా అని ఆమె తేల్చుకుంటున్న ఆ వారంలో సలహాలు చాలా ఇచ్చాను గానీ, చెప్పవలసిన ఆ ఒక్క మాట మాత్రం నాలోనే ఉంచుకున్నాను.

ఆ ఏడాది వేసవిలో విశాఖపట్నం హార్బరు దగ్గర ఒక స్టీవెడోరింగ్ కంపెనీ డిస్పెన్సరీలో వైద్యాధికారిగా చేరాను. ఓడల్లో సరుకు ఎక్కించి దించే పనిని గుత్తకు తీసుకునే కంపెనీలను అలా అంటారు. వైద్యాధికారి అంటే పెద్ద హోదాగా వినిపిస్తుంది. నిజానికి అక్కడున్న డాక్టర్ని నేనొక్కణ్ణే. నాకు సాయం కాంపౌండరు అప్పల్రాజు, ఒక ఆయా. నలిగిన వేళ్లు, మాంగనీసు దుమ్ముతో వచ్చే దగ్గులు, మలేరియా జ్వరాలు చూసేవాణ్ణి. ఉద్యోగుల పిల్లలు కాలేజీల్లో చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఇవ్వడం కూడా నా పనే.

దేవదానం మా కంపెనీలో టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే ప్రతి బస్తానూ లెక్కపెట్టి గుర్తు వేసుకోవడం ఆయన పని. చర్చిలో సంఘ పెద్ద కూడా. ఆయన కూతురు ఎస్తేరుకు ఒకేసారి రెండు సీట్లు వచ్చాయి. ఒకటి ఊళ్లోని ప్రభుత్వ కాలేజీలో. రెండోది తమిళనాడులోని ఒక చిన్న పట్నంలో, మిషనరీలు స్థాపించిన కాలేజీలో. ఆ కాలేజీ పద్ధతి వేరు. విద్యార్థి తరఫున ఏదో ఒక చర్చి సంఘం పూచీ పడాలి. చదువయ్యాక ఆ సంఘం చెప్పిన మిషను ఆసుపత్రిలో కొన్నేళ్లు పనిచేస్తానని విద్యార్థి ఒప్పుకోవాలి. దేవదానం సంఘం ఆ పూచీ పడింది. ఎస్తేరు అక్కడి ఇంటర్వ్యూకు వెళ్లి నెగ్గుకొచ్చింది.

తండ్రీకూతుళ్లు ఫిట్‌నెస్ కోసం వచ్చిన రోజున సలహా కూడా అడిగారు.

"నాకేటి తెలుస్తాది బాబూ? బస్తాలు లెక్కెట్టమంటే లెక్కెడతాను. మీరెటెల్లమంటే పిల్ల అటే ఎల్తాది," అన్నాడు దేవదానం.

అప్పల్రాజు సిరంజీలు ఉడకబెడుతూ ఊరుకోలేదు. "అరవోల ఊరెల్తే పిల్ల తెలుగు మర్సిపోద్ది బావా. ఆనక కూతురితో మాటాడ్డానికి నువ్వు అరవం నేర్సుకోవాల."

"నీ సూదులేవో నువ్వు సూసుకో బావా. అది ఎల్లినా మానినా నీకు సాంబారేటి పెట్టదు."

ఎస్తేరుకు అప్పుడు పదిహేడేళ్లు. సన్నగా ఉండేది. నీకేది ఇష్టం అని అడిగితే తడుముకోకుండా చెప్పింది. "ఆ మిషను కాలేజీకేనండి. మొదటేడే పిల్లల్ని పల్లెల్లోకి తీసికెల్లి రోగుల్ని సూపిస్తారంట. నాకు కాన్పుల డాక్టరు అవ్వాలని ఉంది. ఇంకోటండి, అక్కడ నాను టాలీ క్లర్కు కూతుర్నని ఎవులికీ తెలీదు."

దేవదానం నవ్వేశాడు. "సూసారా బాబూ, అప్పుడే నాను పనికిరాకుండా పోనాను."

ఆయాను పక్కన ఉంచి, ఎస్తేరును పడుకోబెట్టి, కూర్చోబెట్టి పరీక్ష చేశాను. రొమ్ము ఎముకకు ఎడమ అంచున, గుండె కొట్టుకునే ప్రతిసారీ, మెత్తగా ఊదినట్టు ఒక చప్పుడు వినిపించింది. దాన్ని మేము మర్మర్ అంటాం. కవాటం దెబ్బతిన్నా అది వస్తుంది, ఏ జబ్బూ లేని సన్నటి పిల్లల్లో రక్తం వేగానికీ వస్తుంది. రెండింటినీ విడదీసి చెప్పాలంటే చెవికి చాలా అనుభవం కావాలి. నాకు అంత అనుభవం లేదు. పెద్దాసుపత్రిలో గుండె చూసే సీనియరు దగ్గరికి పంపితే ఒక్క పూటలో తేలిపోయేది. పంపలేదు.

అప్పట్లో మాకొక అలవాటు ఉండేది. పెళ్లి కావలసిన పిల్లకు గుండెలో చప్పుడు ఉందన్న మాట డాక్టరు నోటి నుంచి రాకూడదని సీనియర్లు నేర్పేవారు. ఒకసారి బయటికి పొక్కితే సంబంధాలు రావని వారి భయం. నాకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఊళ్లోని కాలేజీ నా సర్టిఫికెట్టు చూసి చేర్చుకుంటుంది. మిషను కాలేజీలో మాత్రం వచ్చిన ప్రతి విద్యార్థినీ వాళ్ల వైద్యుల బోర్డు మళ్లీ పరీక్ష చేస్తుంది. వాళ్లు ఆ చప్పుడు విని వెనక్కి పంపితే, ఈలోగా ఇక్కడి సీటు తర్వాతి వాళ్లకు వెళ్లిపోతుంది. పిల్లకు రెండూ పోతాయి.

కాబట్టి ఊళ్లోనే చేరమన్నాను. ఇక్కడ కేసులు ఎక్కువ, చేతికి పని బాగా తగులుతుంది, ఇంటి తిండి దొరుకుతుంది, ఆ ఊరి ఎండలు నువ్వు తట్టుకోలేవు అన్నాను. అవేవీ అబద్ధాలు కావు. కానీ అసలు కారణం వాటిలో లేదు. సర్టిఫికెట్లో గుండెకు ఎదురుగా 'సాధారణం' అని రాసి సంతకం చేశాను. ఎస్తేరు తల వంచుకుని "సరేనండి" అంది. సీటు వద్దంటూ మిషను కాలేజీకి టెలిగ్రాం ఇవ్వడానికి దేవదానం అక్కడి నుంచే పోస్టాఫీసుకు వెళ్లాడు.

ఆ సంగతి అక్కడితో ముగిసి ఉంటే నేనిది రాసేవాణ్ణి కాదేమో.

వైద్య విద్యార్థులు వార్డుల్లోకి అడుగుపెట్టే ముందు ఒకరి గుండె ఒకరు విని అభ్యాసం చేస్తారు. అబ్బాయిలు అబ్బాయిలవి, అమ్మాయిలు అమ్మాయిలవి. 1976లో ఎస్తేరు గుండె మీద స్టెతస్కోపు పెట్టిన స్నేహితురాలు పాఠంలో చదివిన చప్పుడు తన చెవిన పడిందని సంబరపడి అందరినీ పిలిచిందట. చివరికి వార్డు పెద్ద డాక్టరు, యూనిట్ చీఫ్ కూడా వచ్చి విన్నారు. ఎస్తేరుకు అంతకు కొద్ది నెలల ముందు జ్వరం వచ్చి మోకాళ్లు నొప్పి పెట్టాయి. కీళ్ల నొప్పులతో వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను తినేస్తుంది. అందుకే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఈ చప్పుడు జ్వరానికి ముందు ఉందా అని. ముందునుంచీ ఉంటే భయం లేదు. కొత్తగా వచ్చినదైతే జబ్బు లోపల నడుస్తోందని అర్థం. నీకు ఫిట్‌నెస్ ఇచ్చిన డాక్టర్నే అడిగి రమ్మని ఆమెను నా దగ్గరికి పంపారు.

ఎస్తేరు డిస్పెన్సరీకి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. "అప్పుడు మీకేటైనా వినిపించిందాండి?"

ఉందంటే నేను తప్పుడు సర్టిఫికెట్టు ఇచ్చినట్టు. నా రిజిస్ట్రేషను మీదికి రావచ్చు, ఆమె సీటు మీదికీ రావచ్చు. ఆమె సీటు కోసమే అలా చెబుతున్నానని ఆ నిమిషంలో నాకు నేను నచ్చజెప్పుకున్నాను. "లేదమ్మా. అప్పుడు శుభ్రంగా ఉంది," అన్నాను.

ఆ జవాబు మీద చికిత్స నడిచింది. చీఫ్ స్థానంలో ఎవరున్నా అదే చేసేవారు. ఎస్తేరును నెలల తరబడి మంచం దిగనివ్వలేదు. పరీక్ష పోయి ఒక బ్యాచి వెనకబడింది. ఆ తర్వాత, ఆ జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షను, ఏళ్ల తరబడి. ఇల్లు దగ్గర గనుక దాన్ని మా డిస్పెన్సరీలోనే ఇచ్చేవాణ్ణి. చిక్కటి మందు, లావు సూది, పిరుదులో లోతుగా పొడవాలి. ఆ రోజంతా ఆమె కుంటుతూ నడిచేది.

"అప్పల్రాజు మావా, ఈ సూది మనుసులకేనా?" అనేది.

"మనుసులకేనమ్మా. గేదెలకైతే ఇంకా సన్నది ఏత్తారు."

ఇద్దరూ నవ్వేవారు. నేను సిరంజీలోకి మందు ఎక్కిస్తూ ఉండేవాణ్ణి. జ్వరానికి ముందే చప్పుడుందని నాకు తెలుసు. ఒక్క మాట చెబితే చీఫ్ మళ్లీ ఆలోచించేవారు. మందు వల్ల హాని లేదు కదా అనుకుని ప్రతిసారీ ఊరుకున్నాను.

ఎంబీబీఎస్ అయ్యాక, రాత్రిళ్లు మేలుకోవలసిన కాన్పుల విభాగం నీ గుండెకు పడదని కాలేజీలోని పెద్దలు సలహా ఇచ్చారు. ఆమె మైక్రోబయాలజీ తీసుకుని ప్రయోగశాలలో చేరింది. ఇంజెక్షన్ల సంగతి తెలిసి రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. ఏ భయంతో నేను నోరు మూసుకున్నానో అదే జరిగింది.

1986లో, శబ్ద తరంగాలతో గుండె లోపలి బొమ్మ చూపించే ఎకో పరీక్ష కోసం ఎస్తేరు ద్వారకా నగర్‌లో ఒక స్పెషలిస్టు దగ్గరికి వెళ్లింది. కవాటాలు నిక్షేపంగా ఉన్నాయి. వాటికి ఏనాడూ జబ్బు సోకిన జాడే లేదన్నాడాయన. దేవదానం అప్పటికి రిటైరయ్యాడు. ఆయనకు ఆ మాట ఒక్క రకంగానే అర్థమయింది. దేవుడు స్వస్థపరిచాడని ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టి నన్నూ పిలిచాడు.

ఇంటి ముందు షామియానా, చాపలు, పాటల పుస్తకాలు. ప్రార్థన అయ్యాక దేవదానం సాక్ష్యం చెప్పడానికి లేచాడు. వాళ్ల సంఘంలో మేలు పొందినవాళ్లు అందరి ముందూ దాన్ని చెప్పడం ఆచారం. "నా బిడ్డ గుండెని పెబువు బాగు సేసాడు. ఆయన వాడుకున్న సెయ్యి ఇదిగో, ఈ డాక్టరు బాబుది. ఒక్క ఇంజిచ్చను కూడా తప్పిపోనివ్వలేదు," అని నా వైపు చూపించాడు. అందరూ "స్తోత్రం" అన్నారు.

టీలు ఇస్తుండగా ఎస్తేరును గుమ్మం పక్కకి పిలిచి అసలు సంగతి చెప్పాను. ఆమె రెండే ప్రశ్నలు అడిగింది.

"మొదటిసారే విన్నారా?"

"విన్నాను."

"మరి నాను వచ్చి అడిగినపుడు?"

"అప్పుడూ తెలుసు."

చేతిలోని టీ గ్లాసు గడప మీద పెట్టింది. తర్వాత అంది, "అప్పుడే సెప్పుంటే నాను ఎల్లేదాన్నండి. బోర్డోలు తిప్పి పంపుతారని తెలిసినా ఎల్లేదాన్ని. రెండు సీట్లూ పోతే పోనాయి. పోగొట్టుకుంటే నానే పోగొట్టుకుందును."

నన్ను క్షమించమన్నాను. "నాకొక్కదానికి సెప్తే సరిపోదండి. మా నాన్న అందరి ముందూ సాక్ష్యం సెప్పాడు. మీరూ అక్కడే సెప్పండి," అంది.

ఇన్నేళ్ల వృత్తిలో నాకు తెలిసింది ఇంతే. రోగి ఛాతీలో విన్నది రోగికి చెందుతుంది. దాన్ని చెప్పకుండా ఇచ్చిన సలహా, ఎంత మంచిదైనా, సలహా కాదు, నిర్ణయం. అది చేసే హక్కు నాకు లేదు.

వెనక్కి వెళ్లి షామియానా కింద, దేవదానం నిలబడ్డ చోటే నిలబడ్డాను. టీ గ్లాసుల చప్పుడు ఆగింది. ఆయన నవ్వుతూ చూస్తున్నాడు, నేనూ సాక్ష్యం చెప్పబోతున్నాననుకున్నాడు.

"దేవదానం గారూ, మీ అమ్మాయి గుండెకు ఎప్పుడూ జబ్బు లేదు. ఆ చప్పుడు పదిహేడేళ్లప్పుడే ఉంది. నేను విన్నాను, లేదని రాశాను. తర్వాత ఆమే వచ్చి అడిగితే లేదని అబద్ధం చెప్పాను. ఆ ఇంజెక్షన్లు, పోయిన ఏడాది, ఆమెకు దక్కకుండా పోయిన చదువు, అన్నీ నా అబద్ధం వల్లే. నన్ను క్షమించండి," అన్నాను.