రెండో నౌక రంగు

థర్మల్ కాలనీలో పొగగొట్టాల బూడిద రోజూ పడుతుంది కాబట్టి, మాణిక్యరావు ఎవరింటికి పోయినా భుజం మీది తువ్వాలుతో కుర్చీ దులపందే కూర్చోడు. తాను చేసి షోకేసు మీద పెట్టుకున్న చిన్న యుద్ధనౌక బొమ్మను మాత్రం ఎవరినీ ముట్టనివ్వడు, తానూ దులపడు. డెబ్బై ఒకటి యుద్ధం నాటి ఫొటోలు ముందు పెట్టుకుని, తెలుపులో నీలం చుక్క చుక్కగా కలిపి వేసిన రంగు అది. ఏడాదికి ఆ నీలం మాసి బూడిద రంగుకు తిరిగితే, సముద్రంలో తిరిగిన నౌక అచ్చం ఇట్లే ఉంటుందని మురిసిపోయాడు. తర్వాత చేసిన రెండో నౌకకు దాన్ని చూసే రంగు కలిపాడు.

ఆదివారం ఇంటికొచ్చిన డ్యూటీ దోస్తులకు రెండూ చూపించి, "అసలు రంగంటే గిది!" అంటున్నాడు. చుట్టాలొస్తే అన్నీ తుడిచే అలవాటున్న భార్య దేవిక, తడిగుడ్డతో మొదటి నౌకనూ తుడిచేసింది. లేత నీలం బయటపడింది.

"రంగంతా ఖరాబు చేస్తివి గదనే! అకల్ ఉన్నదా నీకు?" అందరి ముందే అరిచాడు.

ఆమె గుడ్డ విప్పి చూపింది. "రంగు గాదు. బూడిద."

దోస్తులు చాయ్ గ్లాసుల్లోకి చూసుకున్నారు. మాణిక్యరావు తల ఎత్తకుండా ఆమె చేతిలోని గుడ్డ తీసుకుని రెండో నౌకను తుడిచాడు. గట్టిగా మళ్లీ తుడిచాడు. దాని బూడిద రంగు పోలేదు.