చెయ్యి అబద్ధమాడదు

కస్టమ్స్ షెడ్డులో ఆయన్ని అందరూ బొమ్మల ఆఫీసరంటారు. కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, దిగుమతైన గ్రీటింగ్ కార్డు ప్యాకెట్లను చెవి దగ్గర ఆడించి చూస్తారు. కార్డుతో పాటు లోపల ఈలో, గిలక్కాయో, గెంతే రబ్బరు కప్పో ఉంటుంది. సరుకు కార్డని తేలితే సుంకం తక్కువ, బొమ్మని తేలితే వాచిపోతుంది. ఆయన పరీక్ష ఒక్కటే: ప్యాకెట్ విప్పి బల్ల మీద పెట్టి, ఎదుటివాడి చెయ్యి ముందు దేనిమీదికి పోతుందో చూడడం. ఈ రోజు కప్ప గెంతగానే, దాన్ని తెప్పించిన వ్యాపారే గబుక్కున పట్టేసుకున్నాడు. “అయ్యో సార్, అలవాటులో పొరపాటండీ!” అని లబలబలాడాడు. “చెయ్యి అబద్ధమాడదు బాబూ, ఇది బొమ్మే!” అని ఆయన ముద్ర గుద్దేశారు.

సాయంత్రం ఇంటికెళ్లగానే, పెళ్లిరోజని భార్య ఆయన చేతిలో ఓ కార్డు పెట్టింది. దానికి బుల్లి బొంగరం కట్టి ఉంది. ఆయన బొంగరం ఊడదీసి, భోజనాల బల్ల మీద తిప్పి, పడిపోతే మళ్లీ తిప్పి, కాఫీ చల్లారిపోయేదాకా ఆడారు. “ఇంతకీ కార్డు చదివారా?” అందావిడ. ఆయన ఉలిక్కిపడి కళ్లజోడు సర్దుకున్నారు. “చదువుతానోయ్! ఇది కార్డు కిందికే వస్తుంది.”

“చెయ్యి అబద్ధమాడదండీ. బొమ్మే! కట్టండి సుంకం,” అంటూ ఆవిడ చెంప చూపించింది.