ప్రాక్సీకి బొట్టు పెట్టిన రోజు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనీయండి, చెవి ఇటు పడేస్తే చాలు. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను.

విజయనగరం ఊరి బయట, రామతీర్థం వెళ్లే దారిలో ఒక ఆడపిల్లల కాలేజీ ఉంది. అక్కడ కంప్యూటర్ల గది ఊడ్చి, తాళం తీసి వేసే పని నాది. అయిదో తరగతితో నా చదువు అయిపోయింది. తెలుగైతే కూడబలుక్కుని చదువుతాను. కానీ ఒకసారి చెవిన పడ్డ మాట మరిచిపోవడం మాత్రం నాకు చేతకాదు.

ఆ గదిలో బీరువా పక్కన, తెర లేని కంప్యూటరు ఒకటి ఉండేది. దాని ముందు ఎవరూ కూర్చోరు. దాని పేరు ప్రాక్సీ సర్వరు. ల్యాబు సారు ఒకసారి నాకు విడమరిచి చెప్పాడు. వీధిలో పదిళ్లవాళ్లూ సంతకు పోకుండా ఒక్కావిడే వెళ్లి అందరికీ సరుకు తెచ్చి పెడుతుంది కదా, ఇదీ అంతే. పిల్లలు అడిగిన వెబ్‌సైటుకు అదే వెళ్తుంది, పేజీ పట్టుకొస్తుంది, ఒక నకలు తన దగ్గర దాచుకుంటుంది. మరో పిల్ల అదే అడిగితే దాచినది తీసి ఇచ్చేస్తుంది. అందుకే దాన్ని పగలూ రాత్రీ ఆపరు.

దసరా సెలవులిచ్చే రోజు ఆ గదిలో ఆయుధపూజ చేస్తాం. మా నాన్న కోటబొమ్మాళిలో రైసుమిల్లులో పని చేసేవాడు. తిరుగుతున్న మిల్లుకు బొట్టు పెట్టకూడదని, ఏడాదికి ఒక్క పూటైనా దానికి విశ్రాంతి ఇవ్వాలని, బెల్టు తప్పించి మరీ పూజ చేసేవారు. అది నా ఒంట్లో ఉండిపోయింది. ఏటా మిగతా కంప్యూటర్లకు బొట్లు పెట్టి, ఆగని ఈ ఒక్కదాన్నీ వదిలేసేదాన్ని. ఆ ఏడు మనసొప్పలేదు. అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసేది అదే కదా! ప్లగ్గు పీకేశాను. పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాను. హారతి అయ్యాక ప్లగ్గు పెట్టి బొత్తాం నొక్కితే ఫ్యాను మళ్లీ గుర్రుమంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని తోచలేదు.

మధ్యాహ్నం మూడింటికి సముద్రపొడ్డు ఊరి పిల్ల ఒకతి పరుగున వచ్చింది. వాళ్లమ్మ చేపల గంప ఎత్తుతుంది, నాన్న వేటకు పోతాడు. నర్సింగు కోర్సుకు దరఖాస్తు పెట్టాలి, ఆ సాయంత్రం అయిదింటితో ఆఖరు. తండ్రి ఆ పొద్దున్నే ఒడ్డుకొచ్చి సంతకం పెట్టాడు. ఆ కాగితం గుండెకు అదుముకుని కూర్చుంది.

"అత్తా, ఇదేటి, తెరుసుకోదేటి?"

"ఇంకోపాలి నొక్కు."

"నాలుగుపాల్లు నొక్కినాను. ఆ సక్రం అలా తిరగతన్నాదంతే."

సారు వచ్చాడు. వైరు ఊడిందేమో చూశాడు. ఆ పిల్లను ఇంకో కంప్యూటరు దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడా అంతే. తన ఫోనులో చూస్తే సైటు ఇట్టే తెరుచుకుంది. అక్కడే నింపేద్దామంటే ఫొటో పెట్టే చోట ఆగిపోయింది. ఊళ్లో నెట్టు షాపుకు ఫోను చేస్తే, వాళ్లూ పూజ చేసుకుని షట్టరు దించేశారట.

సారు ల్యాబు కంప్యూటరులో ఒక వార్తల పేజీ తెరిచాడు. చిటికెలో వచ్చింది.

"నెట్టు ఉందమ్మా. మరి ఆ ఒక్కటీ రాదేం?" అని తల పట్టుకున్నాడు.

నేను చీపురుతో వెనకే నిలబడ్డాను. ఆ పేజీ చూస్తే ఎక్కడో గుచ్చుకుంది.

"బాబూ, ఇది ఇయ్యాల్టిది కాదు. నిన్నటిది."

"నీకెలా తెలుసు?"

"నిన్న ఈ బల్ల కిందే ఊడుస్తన్నాను. పిల్లలు పైకి సదివినారు, రేపు తీరంలో పెద్ద వాన అని. ఇందులోనూ అదే మాట ఉన్నాది. బట్టలు ఉతకాలా మానాలా అని ఆలోసించినాను. ఇయ్యాల సూడు, ఎండ మాడ్సేస్తన్నాది."

ఆయన ఫోనులో అదే పేజీ తెరిచి పక్కన పెట్టాడు. రెండూ వేరు. "అయితే ఇది బయటి నుంచి రాలేదు. ప్రాక్సీ తన దగ్గరున్న నకలు ఇచ్చేస్తోంది, కొత్తవి తేలేకపోతోంది. నిన్నటికీ ఇవాళ్టికీ దీనికేమైంది?" అంటూ బీరువా వైపు తిరిగాడు. బంతిపూల దండ కనబడింది.

చీపురు గోడకు ఆనించాను. నాలుగు దాటింది. ఆ పిల్ల ఏడవడం లేదు, తండ్రి సంతకాన్ని వేలితో దిద్దుతూ కూర్చుంది. ఏడ్చినా అంత బాధ ఉండేది కాదు.

"నేనే ఆపినాను బాబూ, బొట్టెట్టడానికి. తిట్టాలంటే తర్వాత తిట్టు. ముందు పిల్ల పని సూడు."

ఆయన తిట్టలేదు. పక్క కంప్యూటరు తెర తెచ్చి దానికి తగిలించాడు. మూలన తేదీ చూసి, నాకూ చూపించాడు. ఎన్నో ఏళ్ల వెనకటిది! కరెంటు లేనప్పుడు తేదీ మరిచిపోకుండా, లోపల వాచీలో వేసేలాంటి గుండ్రటి సెల్లు ఉంటుందట. అది ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు ఉన్నంతకాలం ఎవరికీ తెలియలేదు. నేను ప్లగ్గు పీకేసరికి కంప్యూటరు గడియారం పాత రోజుల్లోకి వెళ్లిపోయింది. సైట్లన్నీ గుర్తింపు కాగితం చూపిస్తాయట, దాని మీద ఫలానా రోజు నుంచి చెల్లుతుందని ఉంటుందట. ఇదేమో, ఆ రోజు ఇంకా రానే లేదని అందరినీ గుమ్మంలోంచే తిప్పి పంపుతోంది. తన దగ్గర దాచినవి మాత్రం తాజావే అనుకుంటోంది.

ఆయన తేదీ దిద్దాడు. పాత నకళ్లన్నీ తుడిచేసి, దాన్ని మళ్లీ మొదలుపెట్టాడు. అయిదుకు పావు తక్కువకు దరఖాస్తు పేజీ వచ్చింది. ఆ పిల్ల నింపుతుంటే సారు పక్కన నిలబడి ఒక్కో గడీ చదివి చెప్పాడు. రసీదు కాగితం ప్రింటరులోంచి సగం రాకముందే ఆ పిల్ల లాగేసుకుంది.

"అత్తా, నీ పూజ నా తెప్ప ముంచీసింది. మల్లా నీ సెవే ఒడ్డునెట్టింది" అని నా బుగ్గ గిల్లింది.

"పోవే! సీటొచ్చినాక సేపలు తే, అప్పుడు మాటాడు" అన్నాను. కళ్లు మాత్రం తుడుచుకున్నాను.

సీటు వచ్చింది. చేపలూ తెచ్చింది, వంజరాలు, కడిగి మరీ. సారు ఆ వారమే కొత్త సెల్లు వేయించాడు. మరుసటి దసరాకు తనే పద్ధతిగా దాన్ని ఆపి, ఫ్యాను నిలిచేదాకా ఉండి, "రా అమ్మా, ముందు దీనికి పెట్టు" అని పిలిచాడు. పూజయ్యాక మళ్లీ మొదలుపెట్టి, తేదీ నన్నే చదవమన్నాడు. అంకెలేగా, చదివాను.

విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడియారం తప్పకూడదు, మీ ఆడపిల్లల కాగితాలు వేళకు చేరాలి. మీ ఇంట్లో ఎవరైనా తప్పు చేశామని నోరు విప్పితే, తిట్టకుండా వినే మనిషి పక్కనే ఉండాలి.