బెంచ్ మీద పొడుగమ్మాయి

జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్‌లో పోపు పెడితే చాలు, పొగ అలారం మోగేది. అమ్మ వేసవికి నా దగ్గరికొచ్చిన మొదటి వారమే పులిహోర కోసం ఎండుమిరపకాయలు వేయించింది. నేను కుర్చీ ఎక్కినా అందక తువ్వాలు ఊపుతుంటే ఎదురింటావిడ తలుపు తట్టి లోపలికొచ్చి, నేల మీదే నిలబడి చెయ్యెత్తి బటన్ నొక్కేసింది.

“కుర్చీ దిగవే, పరువు పోతోంది” అంది అమ్మ.

ఆవిడకి బాస్కెట్‌బాల్ ఆడటమే ఉద్యోగం. లిఫ్ట్‌లో ఎదురైనప్పుడల్లా నేను చేతిలో ఉన్న పుస్తకంలోకి తల దూర్చేసేదాన్ని. అమ్మ మాత్రం ఆవిడ చేతికి పులిహోర ప్లేటు ఇచ్చి, నన్ను దుబాసీగా నిలబెట్టి ఇంటర్వ్యూ మొదలెట్టింది.

“ఉద్యోగం ఎలా ఉందో అడుగు.”

“ఈ సీజన్‌లో ఎక్కువగా బెంచ్ మీదే ఉంటున్నాను” అని ఆవిడ నవ్వింది.

‘బెంచ్’ అన్న మాటను నేను అనువదించక్కర్లేకపోయింది. ప్రాజెక్ట్ లేక, జీతం రాక ఖాళీగా ఉండటాన్ని మా సాఫ్ట్‌వేర్ వాళ్లు అలాగే అంటారు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో అమ్మ రోజూ ఫోన్లో విన్న మాట అదే.

“అయ్యో తల్లీ! ఇంత పొడుగుండి కూడా బెంచేనా?” అని ఇంకో గరిటె వడ్డించింది. “రెజ్యూమే నీకు పంపమను. మీ కన్సల్టెన్సీలో ఇద్దువుగాని.”

“ఆటలో బెంచ్ వేరమ్మా. కూర్చున్నా జీతం ఇస్తారు.”

“ఇస్తారు, ఇస్తారు. నీకూ ఇస్తామనే అన్నారు.”

ఆ రోజు నుంచి ఎదురింటికి రోజూ ఒక గిన్నె వెళ్లేది. సీజన్ సగంలో ఒక సాయంత్రం ఆవిడ ఖాళీ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. టీమ్ ఆవిడని తీసేసిందట. మోకాలికి అప్పటికే ఆపరేషన్ అయింది. ఈ చలికాలానికి బయటి దేశంలో ఏ టీమూ తీసుకోకపోతే ఇక ఆట ముగిసినట్టే.

“ఇప్పుడు బెంచ్ కూడా లేదు” అంది.

నేను చెప్పింది విని అమ్మ ఆవిడ చేతిలోని ఖాళీ గిన్నె అందుకుంది. తర్వాత, “పొద్దున్నే లేవాలి. తల దువ్వుకోవాలి. ప్రాక్టీస్ మానకూడదు, తిండి అసలు మానకూడదు. ఫోన్ దగ్గరే ఉండాలి. అన్నీ చెప్పు. ఎప్పట్లా సగం మింగెయ్యకు” అంది.

అన్నీ చెప్పాను.

“యెస్ మ్యామ్” అందావిడ, అమ్మ కళ్లలోకి చూస్తూ.

ఆ తర్వాత ఆవిడ పొద్దున పార్కులో బంతితో ప్రాక్టీస్ చేసుకుని, మధ్యాహ్నం మా ఇంట్లో పప్పన్నం తినేది. పళ్లెం పక్కనే ఫోన్ ఉండేది. దాన్ని ఆవిడకంటే అమ్మే ఎక్కువసార్లు చూసేది.

ఒక శనివారం అది మోగింది. ఎంగిలి చేత్తోనే ఫోన్ ఎత్తి మాట్లాడుతూ ఆవిడ ఒక్కసారిగా లేచింది. బల్లపైన వేలాడే దీపం ఠంగుమని నెత్తికి తగిలింది. ఆవిడ పట్టించుకోలేదు.

“ప్రాజెక్ట్?” అంది అమ్మ, నా అవసరం లేకుండానే.

“ప్రాజెక్ట్!”

“క్లయింట్ లొకేషన్?”

“టర్కీ!”

అమ్మ నా వైపు తిరిగింది. “ఇల్లు వాళ్లే ఇస్తారా?”

ఇస్తారట. టికెట్ కూడా.

“చూడు, నీకివ్వలేదు” అంది నాతో. తర్వాత దీపం తగిలిన చోట ఆవిడ నెత్తి నిమరబోయింది, అందలేదు. ఆవిడే వంగింది.

“అంత దూరం వెళ్లేలోపు ఆ అలారం కాస్త కిందికి బిగించి పొమ్మనవే” అంది అమ్మ. “నువ్వు కుర్చీ ఎక్కినా లాభం లేదు.”